యాభైమూడు యూనిట్లు

నీళ్ల బిల్లు మడత విప్పాక
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.
రెండువేల ఎనిమిదివందల నలభై.
పోయిన నెల మూడొందలకి రెండు రూపాయలు తక్కువ.

రైసుమిల్లులో ముప్పయ్యేళ్ల గుమాస్తాని.
తౌడు, నూక, చిట్టు, ఊక,
ఏ బస్తా ఏ లారీ ఎక్కిందో
నిద్దట్లో లేపినా చెబుతాను.
అలాంటివాడి ఇంట్లో
ముప్పైతొమ్మిది యూనిట్ల నీళ్లు
చిట్టాకెక్కకుండా పోయాయి.

మా వాటా కుళాయిలన్నీ కట్టేయించి
మీటరు ముందు గొంతుక్కూర్చున్నాను.
టార్చిలైటు వెలుగులో, గాజు కింద
ఎర్రటి చిన్న చక్రం
మెల్లగా తిరుగుతోంది,
ఎవరో నిద్రమత్తులో
విసనకర్ర విసురుతున్నట్టు.

భీమవరం చుట్టూ నీళ్లే.
ఉండి వైపు వెళ్లినా ఆకివీడు వైపు వెళ్లినా
చెరువుల్లో ఏరేటర్లు రాత్రంతా నురగ కక్కుతాయి.
మా బోరు ఉప్పు తిరిగి ఎనిమిదేళ్లు.
పప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు.
అందుకే గోదావరి
పైపులో దూరి, మీటరు దాటి,
లెక్క చెప్పి మరీ మా గడప తొక్కుతుంది.

యేసుపాదం వచ్చాడు.
ఇనపకడ్డీ ఒక కొస నేలకి, ఇంకో కొస చెవికి ఆనించి
నాడి చూసే వైద్యుడిలా వాకిలంతా తిరిగాడు.
"నేల్లో ఏం లేదండి. ఇంట్లోనే ఉంది" అని
రెండొందలు తీసుకుని వెళ్లాడు.
ఇంట్లోనే ఉంది.
ఆ మాట పట్టుకుని
నేను మేడమెట్ల వైపు చూశాను.

పైవాటాలో నూకరత్నం.
రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పని.
రాత్రి ఒంటిగంటన్నరకి కంపెనీ బస్సు
పెట్రోలుబంకు మలుపులో దింపుతుంది.
ఆ రాత్రి మేలుకుని ఉన్నాను.
గేటు. మెట్లు. గొళ్లెం.
తర్వాత నీళ్లు.
చెంబు మీద చెంబు, మధ్యలో చాలాసేపు నిశ్శబ్దం,
మళ్లీ చెంబు.
గోడలో పైపు గుటక వేసినప్పుడల్లా
నా జేబులోంచి రూపాయి జారిన చప్పుడు.
నలభై నిమిషాలు. గడియారం చూసే చెబుతున్నాను.
దొంగ దొరికింది అనుకున్నాను.

పొద్దున్నే బిల్లు పట్టుకుని పైకెళ్లాను.
అందుకోడానికి ఆమె చెయ్యి చాపింది.
ఐసులో నానిన వేళ్లు,
గోళ్ల చుట్టూ చీలికలు,
చీలికల్లో ఆరిన శనగపిండి.

"తప్పేనండి. రోజూ రెండు బకెట్లవుతున్నాయి.
ఎంత తోమినా వాసన పోదండి.
పిల్లోడు పాలట్టుకోట్లేదు,
మొహం అటు తిప్పేసుకుంటన్నాడు."

మంచం మీద ఆ పిల్లోడు
కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని
నన్ను తనిఖీకొచ్చిన ఆఫీసరులా చూశాడు.

కిందికొచ్చి బిల్లు వెనక లెక్క కట్టాను.
రెండు బకెట్లు, ముప్పైఆరు లీటర్లు.
ముప్పై రాత్రులు.
వెయ్యీ ఎనభై.
ఒక్క యూనిట్టు.
మిగతా ముప్పైఎనిమిది?

మా ఆవిడ ఏమీ అనలేదు.
బట్టలకి పెట్టే నీలం సీసా తెచ్చి
నా బాత్‌రూములో ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తి
నాలుగు చుక్కలు వేసింది.
"కాసేపు మీట నొక్కకండి" అంది.
కాఫీ తాగి వెళ్లి చూశాం.
తెల్లటి పింగాణీ మీంచి
సన్నగా, చప్పుడు లేకుండా
నీలం దిగుతోంది.

నేను తప్ప ఎవరూ వాడని బాత్‌రూము.
మీట వదులైందని
ఎండాకాలం మొదట్లో రబ్బరుబ్యాండు చుట్టిన చెయ్యి కూడా
నాదే.

అరవై రూపాయల వాషరు.
యేసుపాదం ఈసారి కూలి తీసుకోలేదు, నవ్వాడు.
అదే ఎక్కువ ఖర్చయింది.

సాయంత్రం నూకరత్నం
మా ఆవిడ చేత ఐదొందలు పంపింది.
తిప్పి పంపాను.
ఎందుకో చెప్పి పంపలేదు.

రాత్రి మళ్లీ మీటరు దగ్గర కూచున్నాను.
ఎర్ర చక్రం కదల్లేదు.
ఒంటిగంట దాటింది. దోమలు.
మెట్ల మీద ఎప్పుడు పెట్టిందో మా ఆవిడ,
చిన్న పళ్లెంలో నిమ్మచెక్కలు.

గేటు. మెట్లు.
పళ్లెం దగ్గర ఒక్క క్షణం ఆగిన అడుగులు.
గొళ్లెం.

చక్రం కదిలింది.
టార్చిలైటు ఆర్పేశాను.