వేరు పేరిట ఉత్తరాలు

చిత్తూరు బెల్లం మండీలో
తూకం గది వెనక, గోనెసంచుల పక్కన ఒక సర్వరు.
మూత తీస్తే లోపల చీమలు.
తీపి లేని చోట కూడా
అలవాటుకొద్దీ వెతుకుతున్నాయి.

నిన్న పెనుమూరు చెంగల్రాయులు వచ్చి
మార్గశిరంలో వేసిన సరుకు లెక్క చూపమన్నాడు.
గుమాస్తా కోదండం ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కాడు.
ఆ నెల ఫైలు పోయింది.
"బ్యాకప్ ఉందిలే" అన్నాను,
గొంతులో ఎంత ధీమానో!
తెరిచి చూస్తే
చివరి నకలు కార్తీకంలోనే ఆగిపోయి ఉంది.

లాగు మాత్రం నిండుగా ఉంది.
రోజూ రాత్రి రెండున్నరకి ఒకే మాట.
బ్యాకప్ పూర్తయింది.
బ్యాకప్ పూర్తయింది.
నలభైయొక్క సార్లు.
నాకు ముందు ఇక్కడ పనిచేసిన దామోదర మొదలి
స్క్రిప్టు అడుగున రాసిపెట్టి పోయిన మాట అది.
పైన ఏం జరిగినా, ఏమీ జరక్కపోయినా
కింద పూర్తయిందనే అంటుంది.
పొయ్యి ముట్టించకుండానే తేన్పు.

నా చేత్తో నడిపి చూశాను. నడిచింది.
ఒక్క తప్పు లేదు.
రెండు నిమిషాల తర్వాత వేళ పెట్టి
దానంతట దాన్నే లేవమన్నాను.
లేచింది, పని చెయ్యలేదు.
మళ్లీ నేను పిలిస్తే బంగారంలా చేసింది.
అమ్మ ముందు గడగడా అప్పజెప్పి
బళ్లో నోరు పెగలని పిల్లాడు.

రాత్రి కాపలా ఏకాంబరం గడపలో నిలబడి
"ఇంగా కాల్యాదా పాపా?"
"నేనుంటే చేస్తాది అన్నా, లేకుంటే చెయ్యదు."
"కూలోళ్లంతా అంతే కదమ్మే" అని
బీడీ ముట్టించుకోను అవతలికి పోయినాడు.

తప్పు కూలిది కాదని తెలిసేసరికి పదకొండు దాటింది.

రూటు పేరిట ఉన్న పెట్టె తెరిచాను.
రూటు అంటే వేరు.
ఆ పేరుతో ఈ మండీలో మనిషెవరూ లేరు.
అయినా యంత్రం రోజూ రాస్తూనే ఉంది వేరుకి.
నలభైయొక్క ఉత్తరాలు, ఎవరూ విప్పనివి.
అన్నిట్లో ఒకటే వాక్యం:
మీరు చెప్పిన పనివాడు ఇక్కడ లేడు.

తలెత్తి గోడ మీది క్యాలెండరు చూశాను,
వేళ్లతో వెనక్కి లెక్కపెట్టాను.
నకలు తీసే ప్రోగ్రామును
కొత్త చోటికి మార్చింది నేనే.
ఇల్లు మారి
పగలు వచ్చేవాళ్లందరికీ చెప్పి
చీకట్లో వచ్చే పాలమనిషికి చెప్పలేదు.
నా షెల్లు నా వెనకే పది దారుల జాబితా మోసుకొస్తుంది.
క్రానుకి తెలిసినవి రెండే సందులు.
పాపం, రోజూ వచ్చి
ఆ రెండూ తిరిగి
ఒక ఉత్తరం పడేసి పోయింది.

దామోదర మొదలిని తిట్టుకున్న తిట్లు
ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

దిద్దింది ఎంతని?
పేరుకి ముందు పూర్తి దారి రాశాను.
పని జరిగితేనే పూర్తయిందనమన్నాను.
వేరుకి వచ్చే ఉత్తరాలు ఇక నా ఫోనుకి రమ్మన్నాను.

పోయిన నెల మాత్రం రాదు.
తెల్లారితే కోదండం మోపెడ్ మీద ఊళ్లు తిరగాలి.
రైతుల జేబుల్లో తూకం చీటీలుంటాయి,
కొన్నిటిని చొక్కాలతో పాటు ఉతికేసి ఉంటారు.

రెండూ ఇరవై తొమ్మిది.
కీబోర్డు దూరంగా నెట్టి
చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.
ముట్టుకోకుండా ఉండడమే ఇప్పుడు నా పని,
ఇంత కష్టమైన పని ఈ వారంలో చెయ్యలేదు.

డిస్కు మీద పచ్చదీపం
ఒకసారి వెలిగి ఆగి
తర్వాత ఆగకుండా కొట్టుకుంది.

లాగు చూడలేదు. దాని మాట నమ్మేది అయిపోయింది.
ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచాను.
నిన్నటి తేదీ, మూడో వరసలో
చెంగల్రాయులు, తొమ్మిది దిమ్మెలు.

ఎవరికైనా చెప్పాలనిపించి బయటికొచ్చాను.
ఏకాంబరం
బెల్లం వాసన కప్పుకుని నిద్రపోతున్నాడు.
లేపలేదు.