గీతకు ఇవతల

గ్రిమ్స్‌బీలో వాన అడ్డంగా కురుస్తుంది.
సున్నపు గీతకు ఇవతల ఎవారిస్తు,
చేతులు కోటు జేబుల్లో.

పద్నాలుగేళ్లు అతని పని
బంతి రాబోయే చోట ముందే నిలబడి
ఏమీ జరగకుండా చూడడం.
జరగనిదాన్ని ఎవరు లెక్క రాస్తారు?
మొత్తం మీద మూడు గోల్స్,
అందులో ఒకటి సొంత వలలోకే.

సెతూబల్‌లో వాళ్లమ్మ సార్డీన్లు డబ్బాల్లో సర్దేది.
ఇక్కడి రేవు వాసన తగిలితే
పోర్చుగీసులో ఏదో గొణుగుతాడు.
పక్కనున్న రెఫరీ తనను తిట్టాడనుకుంటాడు.

ఎనభై ఎనిమిదో నిమిషం.
నడిమి మైదానంలో కుర్రాడు కాలెబ్
ఒక్క అడుగు ఆలస్యం.
ఇక్కడ, ఇస్త్రీ ప్యాంటు లోపల,
కుట్లు పడ్డ పాత మోకాలు
అప్పుడే బయల్దేరింది.

వాన పోగా మిగిలిన సున్నం
అతని బూటుకింద చెరిగింది.
రేపు పొద్దున మళ్లీ నేనే గీయాలి.