ఎడమ భుజం కొలత

దస్తగీర్ మామ దర్జీ లెక్క నా చెయ్యి కొలిచిండు.
మోచేతి మడత నుంచి చూపుడువేలి మొదటి గీత దాంక
పదమూడుంబావు అంగుళాలు.
బలపంతోని బల్ల మీద రాసుకొని
"ఏ భుజం?" అన్నడు.
ఎడమది అన్న.
కండ్లద్దాలు నొసటి మీదికి నెట్టి చూసిండు,
నాలుగో తరగతిల రాజలింగం సారు చూసినట్టే.
బెత్తం ఒక్కటే తక్కువ.

పాలమూరు గడియారం చౌరస్తా ఎనక సందు.
తుపాకి నూనె, టేకు పొట్టు, నిన్నటి చాయ్ వాసన.
నాకు లైసెన్సు ఉన్నది, సర్కారు కాయితం ఉన్నది.
చేన్లల్ల పందులు పడ్డయంటే పోవాలె
ఉప్పునుంతలకు, లింగాలకు, పదరకు.
పదకొండేండ్ల నుంచి నాయిన పన్నెండు బోరుతోనే పోతున్న.
దాని కట్టె ఆయన కుడి చెంపకు అరిగింది,
నా చెంపకు ఆనదు.
ఈసారి నా కొలతకు ఒకటి.

మామ రెండు తూటాలు నిలబెట్టిండు.
"ఇది థర్టీ నాట్ సిక్స్. మస్తు ఉరుకుడు.
పందిల నుంచి పోతది, గెట్టు దాటి పోతది,
అవుతల ఉన్నది ఏ ఊరని అడగదు.
ఇది త్రీ వన్ ఫైవ్. ముసలిది, బరువుది, నిమ్మళంగ పోతది.
అయినా తూటా తూటానే, నమ్మకు."

నాకు అంజిలమ్మ చేను యాదికొచ్చింది.
చుట్టూ పాత చీరెల కంచె,
గెట్ల పొంటి మంగలి దుకాణం నుంచి తెచ్చి చల్లిన ఎంటికెలు.
మనిషి వాసనకు పంది భయపడుతదని ఎవరో చెప్పిండ్రు.
పందికి ఎవ్వరూ చెప్పలేదు.
రాత్రి రెండున్నర. బత్తి ఎలుగుల పంది పక్కకు తిరిగింది,
ఇంత కన్న మంచిగ ఏ పందీ నిలబడదు.
ఏలు సగం ఒంగింది.
దాని ఎనక, మక్కల మొదట్ల, ఎర్రగ ఒక సుక్క.
మెరిసి, తగ్గి, మల్ల మెరిసింది.

బీడీ.
కుర్మ బీరయ్య. మంద తోలుకొచ్చి
ఆ రాత్రే పక్క చేన్ల పండిండని నాకెవరు చెప్పాలె?

తెల్లారి ముప్పై గుంటల పల్లిచేను దున్నినట్టే ఉన్నది.
అంజిలమ్మ తిట్టలేదు.
పందులు మిగిల్చిన కాయ దోసెడు ఏరి నా సంచిల పోసింది.
ఎందుకు కాల్చలేదో ఆమెకు చెప్పలేదు, ఎవ్వరికీ చెప్పలేదు.
మామకు సగం చెప్పిన.

ఆయన త్రీ వన్ ఫైవ్ చేతికిచ్చిండు.
"కింద చూడు, గిన్నెకున్నట్టు అంచు.
మడిచే తుపాకిల ఈ అంచు పట్టుకుంటది.
బోల్టు నీ చేతికి మార్చాలంటే
హ్యాండిలు కోసి అటు అతకాలె, నోరు మాత్రం ఇటే ఉంటది.
మడిచేదానికి కుడి ఎడమ లేవు."
"మరి ఎన్ని గుండ్లు?"
"ఒక్కటి."
"సాలు."
"తప్పితే?"
"పంది బతుకుతది."
"సగమే తాకితే?"

జవాబు నా దగ్గర లేకుండె.
మామ పైజామ మోకాలు దాంక ఎత్తిండు.
పిక్క మీద, కుట్లు ఏసిన గోనెసంచి మూతి లెక్క మచ్చ.
"ఇది సగం తాకింది," అన్నడు.
పైజామ దించిండు.
చాయ్ చెప్పిండు.

శానసేపు ఇద్దరం ఆ రెండు తూటాలనే చూసినం.
బయట ఎవరో గ్యాసుబండ దొర్లిచ్చుకుంట పోతున్నడు.

ఒక్క గుండుదే అన్న ఆఖరికి. త్రీ వన్ ఫైవ్.
సరైందనా? తెల్వదు.
ఒక్కటే ఉన్ననాడు
ముంగట పందిని కాదు, ఎనక చీకటిని ముందు చూస్తనేమో అని.
మామ అవునన్లేదు, కాదన్లేదు.
బలపం గీత కింద రెండోసారి గీత గీసిండు.
"కట్టె ఎండాలె. నాలుగు నెలలు."

అచ్చంపేట బస్సుల కండక్టరుకు నోటు చాపిన.
"ఎడమ చేత్తో ఇస్తవేంది పొద్దుగాల పొద్దుగాల?"
చెయ్యి మార్చిన.