నూకరాజు చేతిలో లంకలు

నర్సాపురం రేవులో పంటు ఎక్కగానే
టిక్కెట్ల నూకరాజు చెయ్యి చాపాడు.
నల్లటి చెయ్యి, మధ్యమధ్య తెల్లటి మచ్చలు.
పెదవి మీద కూడా ఒకటి, పాలు తాగి తుడుచుకోనట్టు.

అంటుకుంటాయని మా క్లాసులో కేశవ చెప్పాడు.
అందుకే ఐదు రూపాయల బిళ్ళని
గోటి కొసలతో పట్టుకుని పైనుంచి వదిలాను.
గురి తప్పింది.
దొర్లుకుంటూ పోయింది బిళ్ళ, కొబ్బరికాయల బస్తాల కిందికి,
ఎవరిదో మేకపిల్ల కాళ్ళ మధ్యకి.

నూకరాజు ఏమీ అనలేదు. మోకాళ్ళ మీద కూచుని,
బస్తా జరిపి, వెతికి, లాగుకి తుడిచి చూపించాడు.
"ఇదేనా పాపా? గోదాట్లో పడుంటే
పులస మింగేసుండేది."

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.
ఏం చెయ్యాలో తెలీక అడిగేశాను:
"నొప్పెడతాయా అవి?"

"అబ్బే, ఇవి లంకలమ్మా," అన్నాడు చెయ్యి తిప్పి.
"ఇదిగో పెద్దలంక. ఇది మొన్న వరదకి తేలింది.
చుట్టూ ఉన్నదంతా గోదారి."

సఖినేటిపల్లి వచ్చేసింది. నేనింకా
మణికట్టు దగ్గరి బుల్లి లంకకి పేరు వెతుకుతున్నాను.

సాయంత్రం తిరుగు పంటులో
బిళ్ళ అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాను.
కేశవ చూస్తున్నాడు. చూడనీ.
"దీని పేరు జాంపండు లంక," అన్నాను.