టాపు లేని బండి

ఆ పొద్దున కూడా ఎవరూ ఎత్తుకుపోలేదు.

కర్టెన్ రెండు వేళ్లంత జరిపి చూశాను.
చేపల వేలం షెడ్డు గోడ పక్కన
ఎలాదియో ఆఖరిసారి ఆపిన చోటే ఉంది,
నెత్తిన గుడ్డ లేకుండా,
తాళంచెవి దాని చోట్లోనే వేలాడుతూ.
దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అంటారు కదా,
ఇచ్చాను.
దొంగే రాలేదు.

నలభై ఏళ్లనాటి సిట్రోయెన్ మెహారీ.
ఒళ్లంతా ప్లాస్టిక్కు. నారింజ రంగు ఎండకి వెలిసి
ఉడికిన రొయ్యలా అయింది.
మెహారీ అంటే ఒంటెట, ఎడారిలో పరిగెత్తే రకం.
ఈయన దాన్ని తెచ్చి కట్టేసింది మాత్రం
ముసురు పడితే వారానికీ వదలని ఈ అరౌసా ఖాతం ఒడ్డున.
అమ్మినవాడు నవ్వాడట. ఈయనా నవ్వాడట.
బేరం కుదిరిందట.

సొసైటీ వ్యాను నడుపుతాను నేను. ఇది నడపను.
సీటు చివరి గాడిదాకా వెనక్కి ఉంటుంది, ఆయన కాళ్లంత దూరం.
జరపడం నిమిషం పని.
నిమిషాలు చాలానే దొరికాయి.

అమ్ముదామంటే, ధర చెప్పబోయేసరికి
గొంతుకి ముల్లు అడ్డం పడుతుంది.
ఎవడైనా పట్టుకుపోతే
పోయింది, నేనేం చెయ్యను, అనుకోవచ్చు.
అందుకే మార్చిలో ఒక రాత్రి
టాపు ఊడదీసి, మడిచి, అటక మీద పడేసి
తొమ్మిదింటికే దీపమార్పేశాను.

తెల్లవార్లూ వాన.
పొద్దున చూస్తే బండిలో చుక్క నీరు లేదు.
ఎవరో అడుగున రబ్బరు బిరడాలు పీకి
నీళ్లు వదిలి, మళ్లీ బిగించి పోయారు.
మర్నాడు సీట్ల మీద ఎరువుల గోనె,
నాలుగు మూలలా నాలుగు రాళ్లు.
గోనె నాది కాదు.
రాళ్లు ఎవరివని అడుగుతాం?
ఆదివారం పక్క సీట్లో ఒక సంచెడు ఆల్చిప్పలు,
ఏనాటి బాకీయో.
వండుకు తిన్నాను.

నాతోపాటు బురదలో గవ్వలేరే రెమెదియోస్
"ఒబ్దూలియా, నీకు మతిమరుపు మొదలైంది" అని
చెవిటిదానికి చెప్పినట్టు చెప్పి
తాళంచెవి తెచ్చి నా ఏప్రన్ జేబులో వేసింది.
చీకటి పడ్డాక తీసుకెళ్లి మళ్లీ పెట్టొచ్చాను.

ఊళ్లో దొంగలు లేకపోలేదు.
పడవ ఇంజన్లు పోయాయి. చర్చి చందాపెట్టె పోయింది.
అమావాస్యనాడు రేవులో ఏం దిగుతుందో
పసిపిల్లలకీ తెలుసు, ఎవరూ చూడరు.
ఈ ఒంటె ఒక్కటే ఎవరి కంటికీ ఆనదు.

జూన్‌లో సాన్ షువాన్ మంటల రాత్రి.
ఇసుకలో నెగళ్లు, సార్డీన్ల పొగ, మంట దూకే కుర్రాళ్ల కేకలు.
కిటికీ మూసి పడుకున్నాను. నిద్రపట్టింది కూడా.
లేచేసరికి సన్నటి జల్లు.
బండి లేదు.

అది ఉన్న మేర నేల పొడిగా ఉంది.
తనకే కప్పు లేనిది, ఇన్నాళ్లూ కింద
అంత జాగాని తడవనివ్వలేదు.
హమ్మయ్య అనాలి కదా.
గడప దాటి, చెప్పులైనా లేకుండా
తడి మెట్టు మీద కూలబడ్డాను.

కాఫీ పొంగుతోందని లోపలికెళ్లి వచ్చేలోగా
తిరిగొచ్చి ఉంది.
గోడకి కాస్త వంకరగా.
పెట్రోలు నిండా. అడుగున ఇసుక.
వెనక సీట్లో ఆడపిల్లది ఒకటే చెప్పు, ఎడమకాలిది.
రెమెదియోస్ మనవడు బ్రెయ్‌షో పొట్టివాడే.
నేను అడగలేదు.

సీటు మూడు గాళ్లు ముందుకి జరిగి ఉంది.

తిట్టడానికి తెరిచిన నోరు
తెరిచినట్టే ఉండిపోయింది.
ఎక్కి కూర్చున్నాను. తడి, లంగాలోంచి చల్లగా తగిలింది.
కాలు చాపాను.
క్లచ్ అందింది.

ఎటు పోవాలో తోచలేదు.
చెప్పు ఎవరిదో కనుక్కుందామని బయల్దేరాను.