మనుషుల మీద వాడరాదు

మే నెల. పాలమూరులో పదకొండు కొట్టకముందే
రోడ్డు మీది తారు చెప్పుల్ని పట్టుకుంటుంది.
కర్టెన్లు దించిన గదిలో నేను
గాజు గొట్టం ముందు కూర్చుని
చుక్కలు లెక్కపెడుతున్నాను.

దీని పుట్టుక పాచిలో.
తొట్టి గోడకు పట్టే జిగురు పాచి,
మా అమ్మ కొబ్బరిపీచుతో గీకి పారబోసేది.
దానిలోంచి ఒక వాక్యం కత్తిరించి
పేగుల్లో బతికే సూక్ష్మజీవి పుస్తకంలో అతికించాం.
అది చదివింది. అర్థం అడగలేదు.
రాత్రంతా చల్లటి పెట్టెలో ఊగుతూ
తనకు అక్కరలేనిదాన్ని
తన వంట మానుకుని మరీ వండిపెట్టింది.
పొద్దున్నే దాని ఒళ్ళు పగలగొట్టాం.
రికార్డులో ఇంకో మాట రాస్తాంలెండి.

పదింటికి కరెంటు పోయింది.
జనరేటర్ డీజిల్ బిల్లు మీద సంతకం
పోయిన నెల నుంచి ఎవరి టేబుల్ మీదో ఉంది.
కోల్డ్ రూం గోడలకు చెమట పట్టింది.
వేడి తగిలితే ఇది
విరిగిన పాలు. మళ్ళీ వారం పని.
కుర్మయ్య ఎవరినీ అడగలేదు,
సైకిలెక్కి పోయి
చేపల మార్కెట్ నుంచి గోనెసంచి నిండా ఐసు తెచ్చాడు.
బొచ్చె పొలుసులు రెండు మెరుస్తున్నాయి అందులో.

ఆ ఐసులో గొట్టం గుచ్చాను.
దీని తోకకు ముందే ఆరు ముడులు వేశాం,
నికెల్ గింజలు ఆ తోకను పట్టుకుంటాయి,
తక్కినదంతా కడిగిన బియ్యం నీళ్ళలా కిందికి పోతుంది.
తర్వాత పట్టు వదిలించే మందు పోస్తే
నిదానంగా దిగింది రంగు.
బెండపువ్వు అంచు పసుపు.
ఒక్క చుక్క. ఇంకో చుక్క.

"గిదేనా మేడం, నువ్వు రెండేండ్ల సంది గోస పడ్డది?"
"ఇదే."
"ఏం జేస్తది?"

రెండు వేళ్ళు పెనవేసి చూపించాను.
ఎండ పడితే లోపలి దారంలో
పక్కపక్కనున్న రెండు అక్షరాలు
ఇట్లా ఒకదాన్నొకటి కరుచుకుంటాయి.
ఇది వచ్చి ఆ చోటు పట్టుకుంటుంది,
నీలి వెలుతురు ఒక్క రవ్వ మింగి
ఆ పట్టు విడిపిస్తుంది.
పాడుచేసిందీ ఎండే,
బాగుచేయడానికి కావలసిందీ ఎండే.

అతని చెయ్యి మెడ వెనక్కి పోయింది.
సూరత్ మేడలు, పూనా వంతెనలు, ఇరవై రెండేళ్ళు.
అక్కడొక మచ్చ ఉంది,
డాక్టరు రెండుసార్లు ముక్క కోసి పరీక్షకు పంపిన మచ్చ.

"మరి నాకుంటదా ఇది?"

లేదు కుర్మయ్యా.
కప్పకుంది. జొన్న మొక్కకుంది.
నీ గోనెసంచిలో పొలుసులు వదిలిన చేపకూ ఉంది.
మన జాతి పెద్దలు ఎప్పుడో
పగలంతా దాక్కుని చీకట్లో తిరిగే కాలంలో
పారేసుకున్నారంటారు.
ముందు ముందు ఎండలో పనుంటుందని
వాళ్ళకెట్లా తెలుస్తుంది?
మనకు వేరే పద్ధతి ఉంది,
చెడ్డ ముక్క కోసేసి కొత్తది కుట్టుకోవడం.
నిదానం. ఒక్కోసారి మరిచిపోతుంది గూడా.

అతను నవ్వాడు.
"కోసుడైతే నాకు జేసిన్రు గద, రెండుసార్ల."

నేను నవ్వలేకపోయాను.
చిన్న గొట్టాల్లో పంచుతూ ఉన్నాను,
గ్లిజరిన్ కలిపి, మూత బిగించి,
ఒక్కోదాని మీద సన్న పెన్నుతో రాస్తూ:
పరిశోధనకు మాత్రమే. మనుషుల మీద వాడరాదు.
"ఏం రాస్తున్నవ్?" అన్నాడు.
చదివి చెప్పాను.
"మంచిది," అన్నాడు. "తెల్వనోళ్ళు తాగుతరు."

కరెంటు రెండింటికి వచ్చింది.
మిగిలిన ఐసు ముక్కను తువ్వాలలో చుట్టి
మెడ వెనక పెట్టుకుని అతను
డీజిల్ సంతకం కోసం ఆఫీసు మెట్లెక్కాడు,
మెట్టుకో తడి చుక్క వదులుతూ.

దిగుబడి: పన్నెండు మిల్లీగ్రాములు.
ఐసు అని ఉన్న గడిలో
చేపల మార్కెట్ అని రాశాను,
కొట్టేశాను,
మళ్ళీ రాశాను.