సుడి

యలహంక దాటాక ద్రాక్షపందిళ్ళు,
వాటి వెనక తెల్లకంచె.
గేటు దగ్గర చెప్పులు మందునీళ్ళలో ముంచి
లోపలికి రమ్మన్నారు.
బీమా కంపెనీ పంపింది నన్ను
పదకొండు రోజుల పిల్లకి వెలకట్టి రమ్మని.

కాళ్ళు ముందు పుట్టి
తీరిగ్గా తర్వాత గుర్రం పుట్టినట్టుంది.
నిలబడ్డప్పుడల్లా
నాలుగు కాళ్ళవీ నాలుగు అభిప్రాయాలు.
తల్లి దాన్ని నా కంటబడనివ్వకుండా
గోధుమరంగు గోడలా అడ్డం తిరిగింది.

నా ఫారంలో ఒక గుర్రం బొమ్మ ఉంటుంది,
రంగు లేనిది, ఎవరిదీ కానిది.
ఒంటిమీద సుడి ఉన్న చోటల్లా
నల్లసిరాతో ఇంటూ పెట్టాలి.
నుదుట ఒకటి. మెడకి ఎడమపక్క ఒకటి.
వేలిముద్రల్లాంటివట,
ఏ రెండు గుర్రాలకీ ఒకేలా ఉండవు.

పిల్ల మెడచుట్టూ చెయ్యేసి పట్టుకున్నాడు
మహబూబ్ పీరా,
హిందూపురం మనిషి, ఇరవయ్యారేళ్ళుగా ఇక్కడే.
"ఇంకోటుండాది చూడు మేడం, చెవి కింద.
దీనికి సుడి బాగుండాది."
నవ్వాను. రాసుకున్నాను.

తండ్రి ఐర్లండ్ నుంచి ఓడెక్కి వచ్చినవాడు.
తల్లి, తల్లి తల్లి, ఆమె తల్లి,
ఏడు తరాలు టైపు చేసి ఉన్నాయి.
అందులో ఒక ముత్తవ్వ
ఏ ముసురు రోజున ఎన్ని క్షణాల్లో గెలిచిందో కూడా.
పుట్టింది ఫిబ్రవరిలో,
వయసు లెక్క మాత్రం జనవరి ఒకటి నుంచి.
పందెపు జాతి మొత్తానికీ అదే పుట్టినరోజు.

"నాకూ అంతే మేడం. ఆధార్‌లో జనవరి ఒకటే.
నేను ఏపొద్దు పుట్టినానో మాయమ్మకే ఎరుక.
శెనక్కాయలు పీకతా ఉండిరంట, వాన పట్టుకునెంట.
ఆయమ్మ పోయ, ఆ తేదీ పోయ."

తాత పేరడిగాను.
టోపీ తీసి తల గోక్కున్నాడు.
నెరిసిన జుట్టులో రెండు సుళ్ళు,
ఒకటి కుడికి తిరుగుతూ, ఒకటి ఎడమకి.
"రెండు పెండ్లిండ్లు అయితాయనిరి.
ఒకటే సరిగ్గా కాలే."

దేవనహళ్ళి వైపు విమానం లేచింది.
పిల్ల బెదిరి
తల్లి పొట్టకిందకి కాదు,
అతని చంకకిందకి దూరింది.

అంకె వేశాను.
సున్నాలు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి,
సంతకం చేశాను.
దాన్ని సాకేవాడి పేరు రాసే గడి
ఆ ఫారంలో ఎక్కడా లేదు.

కారెక్కాక చూస్తే
పొరపాటున తెచ్చిన రెండో కాపీ.
అందులో అదే ఖాళీ గుర్రం, ఎవరిదీ కానిది.
డ్రైవరు బండి తిప్పుతుంటే
దాని నడినెత్తిన
రెండు ఇంటూలు పెట్టాను.